బోడుకొండ ఎక్కిన దాదా ఖలందర్

దాదా ఖలందర్ షాపులో కుర్చీలుండవు. కాలిపోయిన బోరు మోటార్లు గోడవారగా పడుకోబెట్టి ఉంటాయి. పోయినవాళ్ళు వాటి మీదే కూర్చోవాలి. మా సోమందేపల్లె చుట్టుపక్కల బోర్లలో నీళ్ళు అడుగంటి, మోటారు ఒట్టిగా తిరిగి తిరిగి మాడిపోతే, రైతులు దాన్ని పైకి లాగించి ఆటోలో వేసుకుని ఈయన దగ్గరికే తెస్తారు. ఆయన దాని కడుపు విప్పి, మాడిన రాగి తీగ తీసి, కొత్త తీగ చుడతాడు. అంతకు ముందు ఇరవై రెండేళ్ళు మిలిట్రీలో కొండల మీద టెలిఫోను తీగలు పరిచాడు. "ఆడా తీగే, ఈడా తీగే అక్కా. ఆడ చలి, ఈడ ఎండ, అంతే" అంటాడు.

వాళ్ళ షాపు మా ఇంటికి ఎదురు. నేను ఐదో తరగతి దాకా చదివినదాన్ని. మిగతాదంతా ఎవరినో ఒకరిని అడిగి తెలుసుకున్నదే. అందులో సగం ఆ మోటార్ల మీద కూర్చుని ఆయన్ని అడిగినదే ఉంటుంది.

మా సందులో పదకొండు ఇళ్ళు. ఏడాదికొకసారి అందరం కలిసి బస్సు మాట్లాడుకుని ఏదో ఒక ఊరికి పోయి వస్తాం. తిరుపతి అయింది, మంత్రాలయం అయింది, శ్రీశైలం రెండుసార్లయింది. ఈసారి ఎక్కడికని మాట వచ్చినప్పుడు ఖలందర్ చేతిలో తీగ ఆపి అన్నాడు.

"ఈసారి కోటలు చూద్దాం. మన చుట్టూ అన్ని యుద్ధాలు జరిగినాయి. ఎవురు యాడ నిలబడి కొట్లాడినారో మనకే తెల్దు."

"కోటలో ఏముంటాది ఖలందరూ? రాళ్ళు. మా చేన్లో లేవా రాళ్ళు?" అన్నాను.

"మీ చేన్లో రాళ్ళు పండుకోనుండాయి అక్కా. ఆడ నిలబడుకోనుండాయి."

అందరూ నవ్వారు. ఆ నవ్వులోనే ఒప్పుకున్నారు కూడా. పెనుకొండ, రాయదుర్గం, గుత్తి అనుకున్నాం. నాలుగోది ఆయనే చేర్చాడు. ఎర్రబోడుపల్లి దగ్గర బోడుకొండ అని ఒక చిన్న కోట ఉందట. చిన్నప్పుడు వాళ్ళ నాయనతో గొర్రెల బేరానికి పోయి చూశాడట. పాలెగాడు కట్టించినది, గోడలో తుపాకి పెట్టే రంధ్రాలు కిందికి వాలుగా ఉంటాయట, ముప్ఫై మంది ఉంటే మూడు వందల మందిని ఆపొచ్చట. ఆ మాట చెప్పేటప్పుడు చేతులు రెండూ తుపాకి పట్టినట్టు పెట్టి, మా అందరినీ మూడు వందల మందిని చేసి చూపించాడు.

అయితే ఆయనకొక కట్టుబాటు ఉంది. తాను ముందు నడిచి చూడని దారిలో ఎవరినీ తీసుకుపోడు. మిలిట్రీ అలవాటు. ఎందుకని నేను మూడుసార్లు అడిగాను. మూడోసారి, తల ఎత్తకుండా చెప్పాడు.

"మంచులో ఒగసారి ముగ్గురం పోయినాం. ముందు చూసుకోకుండా పోయినాం. ఇద్దరం వచ్చినాం."

ఆ తర్వాత నేను అడగలేదు. అడగడం మానుకున్న విషయాలు నాకు తక్కువే. ఇది ఒకటి.

మిగతా మూడు కోటలకూ జనం పోతూ వస్తూ ఉంటారు. బోడుకొండకు ఎవరూ పోరు. అందుకని ముందుగా తాను పోయి చూసి వస్తానన్నాడు. ఆ మాట వినగానే ఆయన భార్య మెహరున్నీసా ముఖం మాడిపోయింది. రెండేళ్ళ కిందట బెంగళూరులో ఆయన గుండెకు స్టెంటు వేశారు. మెల్లగా నడవచ్చు, మెట్లెక్కచ్చు, కానీ బెదురూ ఆయాసమూ పనికిరావని డాక్టరు చెప్పాడు. ఆ రాత్రి వంట కూడా కాకముందే ఆమె మా ఇంటికి వచ్చింది.

"అక్కా, నేను వద్దంటే వినడు. నువ్వు తోడు పో. మనిషిని నీ చేతికిస్తాండా" అని ఒక మాత్రల అట్ట నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. "ఎదలో నొప్పి అంటే ఒకటి నాలిక కింద పెట్టించు. రవ్వంత కూడా ఆలీసం చెయ్యొద్దు. ఆయనకిస్తే ఇంగో చొక్కాలో మర్చిపోయి పోతాడు."

నేను ఆ అట్టను నా ఆకువక్క సంచిలో పెట్టుకున్నాను. అది నన్ను విడిచి ఎక్కడికీ పోదు.

శివరాత్రి మరునాడు అమావాస్య. అమావాస్య నాడు మా వైపు రైతులు బోరులో మోటారు దించరు, ఎత్తరు. ఆ రోజు షాపుకు ఎవరూ రారు. ఖలందర్‌కు నెలంతటికీ అదే తీరిక. కాబట్టి అమావాస్య నాడే బయలుదేరాం. ఆయన మోపెడ్ వెనక నేను. నా ఒళ్ళో సంచి, సంచిలో మజ్జిగ సీసా, టెంకాయ, కర్పూరం, కుంకుమ, పదకొండు నిమ్మకాయలు. బండికి ముందు ఆయన సామాను: సున్నం డబ్బా, కొసకు గుడ్డ చుట్టిన కట్టె, కొలిచే టేపు, దారపుండ, నోటు పుస్తకం.

ఊరు కనబడితే దిగి నాలుగు మాటలు అడగకుండా ముందుకు పోయిన మనిషిని కాదు నేను. ఆ రోజే పోయాను. "ఊర్లోకి పోతే టీ అంటారు, నువ్వు మాటల్లో పడతావు, ఎండ ముదిరిపోతాది" అని ఆయన ఎర్రబోడుపల్లిని పక్కకు పెట్టి, వెనక నుంచి బండి పోనిచ్చాడు. నేనూ సరే అన్నాను.

బోడుకొండ పేరుకు తగ్గట్టు బోడిగానే ఉంది. చెట్టు లేదు, నీడ లేదు. ఎర్రటి గుండ్ల మధ్య మెట్లు, మెట్ల మీద ఒక రాతి వాకిలి. వాకిలి పక్కన బండకు చెక్కిన ఆంజనేయస్వామి. స్వామి పాదాల దగ్గర బండ పగిలి, కొత్త సిమెంటు పూసి ఉంది. ఎందుకు పగిలిందా అని అనుకున్నాను గానీ అడగడానికి అక్కడ ఎవరూ లేరు.

ఖలందర్ మెట్లు లెక్కపెడుతూ, పుస్తకంలో రాసుకుంటూ పైకి పోయాడు. పోదగిన దారిలో సున్నంతో చుక్క. పోకూడని చోట రెండు గీతలు. నేను వాకిట్లో ఆగి నా పని చూసుకున్నాను. బస్సు కదిలేటప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టమా? కోటకు కూడా కాపలా దేవుడు ఉంటాడు కదా, మా పదకొండు ఇళ్ళ మీదా ఆయనకు కోపం ఉండకూడదని, ఇంటి పేరు చెప్పి ఒక్కొక్క నిమ్మకాయ కోసి, కుంకుమ అద్ది, గడప మీద వరసగా పెట్టాను. టెంకాయ కొట్టి కర్పూరం వెలిగించాను.

ఖలందర్ పై నుంచి తొంగి చూశాడు. "ఏమక్కా, హాజరు తీసుకుంటాండావా?"

"నువ్వు నీ సున్నం సూసుకో అప్పా."

మేము చేసిన తప్పు అదే. ఆయన పద్ధతి ఆయనది, నా పద్ధతి నాది. ఆ రెండూ అమావాస్య నాడు ఒక కొండ మీద కలిస్తే చూసేవాళ్ళకు ఎలా ఉంటుందో ఇద్దరికీ తట్టలేదు.

కర్పూరం ఆరాక నేనూ పైకెక్కాను. పైన గాలి కూడా చప్పుడు చేయలేదు. గోడ వెనక ఒక దొన ఉంది, రాతిలో తొలిచిన నీళ్ళ గుంత. దానికి గట్టు లేదు. అంచు మీద ఎండు గడ్డి కమ్ముకుని ఉంది. ఎక్కడ బండ ఆగిందో, ఎక్కడ గుంత మొదలయిందో తెలియదు. ఖలందర్ బోర్లా పడుకుని, దారానికి రాయి కట్టి లోపలికి వదిలాడు. ఉండ తిరుగుతూనే ఉంది. దారమంతా అయిపోయింది గానీ రాయి అడుగు తగల్లేదు. ఆయన లేచి ఆ చుట్టూ నాలుగు చోట్ల రెండేసి గీతలు గీశాడు. పోదాం పద అన్నాను.

అప్పుడే కిందికి చూశాను. నా నిమ్మకాయల దగ్గర ఒక మనిషి నిలబడి ఉన్నాడు. భుజాన గొంగళి, చేతిలో గొర్రెలు కాసే కర్ర. ఆయన నన్ను చూశాడు. పిలుద్దామని చేయి ఎత్తాను. ఆయన చేతిలో ఫోను లేచింది, మా వైపు తిరిగింది. తర్వాత మనిషి లేడు.

మేము దిగి వచ్చేసరికి వాకిట్లో నలభై మంది దాకా ఉన్నారు. ఎవరూ అరవడం లేదు. అరిచినా అంత భయం వేసేది కాదు.

ముందున్న మనిషి పేరు బసప్ప అని తర్వాత తెలిసింది. నలభై ఏళ్ళవాడు, చేతిలో గడ్డపార.

"ఎవురు మీరు?"

"సోమందేపల్లె అప్పా" అన్నాడు ఖలందర్.

"అమాసినాడు సోమందేపల్లె నుంచి ఈడికి యాటికొచ్చినారు?"

"కోట సూడను. మా సందు వాళ్ళం ఇరవై ఆరు మందిమి వచ్చే నెల వస్తాండాం. ముందుగా దారి సూసుకుందామని."

"కోట సూడనీకి సున్నం యాలా? టేపు యాలా? నిమ్మకాయలు యాలా?"

"నిమ్మకాయలు నేను పెట్టినా!" అని అరిచాను. "ఆయప్పకేం తెల్దు. ఇంటికొకటి లెక్కన నేనే పెట్టినా."

"ఆయప్పే పెట్టిచ్చింటాడు నీతో" అంది గుంపులో ఒక గొంతు.

బసప్ప నోటు పుస్తకం లాక్కుని పేజీలు తిప్పాడు. ఒక పేజీ దగ్గర ఆగిపోయాడు. బస్సుకు వచ్చేవాళ్ళ పేర్లు, వయసులు అందులో ఉన్నాయి. మెట్ల మీద చేయి పట్టుకుని నడిపించాల్సిన ఏడుగురు పిల్లల పేర్ల పక్కన ఎర్ర పెన్నుతో గుర్తులు.

"సూడండన్నా! పిల్లోళ్ళ పేర్లు! ఎనిమిదేండ్లు, ఐదేండ్లు, ఆరేండ్లు… ఒగొగరి పక్కన గుర్తు పెట్టుకోనుండారు!"

అప్పుడు గుంపు కదిలింది. ఫోన్లు లేచాయి. ఖలందర్ మిలిట్రీ కార్డు తీసి ఇచ్చాడు. బసప్ప దాని మీది పేరు పైకి చదివాడు. గుంపు వైపు తిరిగి అదే పేరు ఇంకోసారి చదివాడు. ఆ రెండోసారి చదవడం నాకు గడ్డపార కంటే ఎక్కువ భయం పుట్టించింది.

"ఇట్లాంటి కార్డులు బజార్లో యాడైనా చేసిస్తారు" అని ఎవరో అన్నారు. ఎవరో తోశారు. ఖలందర్ మోకాలి మీద పడ్డాడు. చొక్కా గుండీ ఊడి మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. నేను అడ్డం పోబోతే రెండు చేతులు నన్ను వెనక్కి పట్టుకున్నాయి.

"పోలీసుల్ని పిలవండి అప్పా" అని బతిమాలాను. "మీకు దండం పెడతా, పోలీసుల్నే పిలవండి."

"పిలుస్తాం లే. ముందు మాకు తెలియల్ల గదా."

ఖలందర్ లేచాడు. మోకాలు దులుపుకున్నాడు. గొంతు పెంచలేదు.

"నాతో పైకి రాండి. నేను సున్నం పెట్టిన ప్రతి సోటూ సూపిస్తా. యాడన్నా తవ్వింటే, గునపం దెబ్బ ఒగటి కనపడితే, అప్పుడు మీ ఇష్టం."

గుంపులో గొర్రెల మనిషి మొదటిసారి మాట్లాడాడు. "అది న్యాయమే. పోదాం పాండి." ఆయన తిప్పేస్వామి. ఫోనులో మమ్మల్ని తీసింది ఆయనే.

మగవాళ్ళంతా ఆయన్ని మధ్యలో పెట్టుకుని మెట్లెక్కారు. ఒకసారి ఎక్కి దిగిన కాళ్ళు, మిట్టమధ్యాహ్నపు ఎండ, వెనక కర్రలు. నన్ను మాత్రం కిందే ఉంచారు. వాళ్ళు మొదటి మలుపు తిరిగి కనబడకుండా పోయాక నాకు గుర్తుకొచ్చింది. మాత్రలు నా దగ్గరే ఉన్నాయి.

నా దగ్గర కాదు. నా ఆకువక్క సంచి వాళ్ళు లాక్కున్నారు, అది మారెక్క ఒళ్ళో ఉంది. మారెక్క అంటే నాకు కాపలా పెట్టిన ముసలామె. నా ఈడుదే. ఒక బండ మీద కూర్చుని, కొడవలి పక్కన పెట్టుకుని, నన్ను రెప్ప వేయకుండా చూస్తోంది.

"అమ్మా, ఆ సంచిలో మాత్రలుండాయి. ఆయప్పకు గుండెజబ్బు. ఎవురి సేతనైనా పంపీ తల్లీ."

ఆమె సంచి తెరిచి ఒక్కొక్కటీ బండ మీద పెట్టింది. ఆకులు, వక్కలు, సున్నం డబ్బీ, అట్ట. అట్టను ఎండలోకి ఎత్తి చూసింది.

"మత్తుమందా ఇది? పిల్లోళ్ళకి సాక్లెట్లలో పెట్టేది?"

"అయ్యో రాత! గుండెకి మారెక్కా, గుండెకి!"

"మందులోళ్ళంతా అట్లనే చెప్తారు."

పైన ఎక్కడో ఒక రాయి దొర్లిన చప్పుడు. తర్వాత ఏమీ లేదు. నాకు ఇక ఏ ఉపాయమూ తోచలేదు. ముందుకు వంగి అట్ట లాక్కుని, ఒక మాత్ర తీసి నా నాలుక కిందే పెట్టుకున్నాను.

"ఇంద, సూడు. ఇసమైతే నేను సస్తా. మత్తైతే నేను పడిపోతా. సూస్తా కూర్చో."

ఆమె కొడవలి మీద చేయి వేసి నన్నే చూస్తూ ఉంది. కాసేపటికి నా తలలో రోలు దంచుతున్నట్టు మొదలయింది. ముఖమంతా సెగలు. కళ్ళు తిరిగాయి. అయినా నిటారుగానే కూర్చున్నాను. నేను పక్కకు ఒరిగితే ఖలందర్‌కు ఆ మాత్ర అందదని తెలుసు. బండను రెండు చేతులా పట్టుకున్నాను.

మారెక్క లేచి వచ్చి నీళ్ళ సీసా నా నోటికి పట్టింది.

"ఎవురికుండే మాత్ర వాళ్ళే మింగల్ల గదమ్మే. నీకేమైనా పిచ్చా?" అని, కొంచెం ఆగి, "నీ మొగుడా ఆయప్ప?" అంది.

"మొగుడు గాదు. ఎదురింటాయన. వాళ్ళ ఇంటామె నన్ను నమ్మి నా సేతికిచ్చింది. నేను పోయి ఆమెకేం చెప్పల్ల?"

మారెక్క పైకి చూసింది. వాకిలి పక్కనున్న స్వామి పాదాల వైపు చేయి చూపించింది.

"పోయిన కార్తీక అమాసికి వచ్చినారు దొంగలు. నిధి ఉండాదని సామి కాళ్ళ కింద తవ్వినారు. బండ పగలగొట్టినారు. పొద్దున మేమొచ్చి సూస్తే గడప మీద నిమ్మకాయలు, కుంకం, కోసిన కోడి. దాని పక్కనే సిన్నపిల్ల గౌను ఒగటి. అది ఎవురి పిల్లదో ఇంతవరకూ తెల్దు. నిధికి బలియ్యల్లంట గదా. ఆ పొద్దు నుంచి మా మనమరాలు గడప దాటదు. బడికి పోదు. నేను రాత్రిళ్ళు కూడా నిద్రపోను."

నేను వరసగా పేర్చిన నిమ్మకాయలను చూశాను. కుంకుమ ఎండకు ఆరి నల్లబడి ఉంది. మేము వాళ్ళను చూసి భయపడుతున్నామని మాత్రమే ఇంతసేపూ అనుకున్నాను. ఆ నలభై మందీ మమ్మల్ని చూసి భయపడి వచ్చారు.

"తప్పయింది మారెక్కా" అన్నాను. "ఊర్లోకి వచ్చి ఒగ మాట చెప్పింటే ఇంత దాకా వచ్చేది గాదు."

మారెక్క కొండ వైపు తిరిగింది. చీర కుచ్చెళ్ళు ఎగదోపింది. అట్ట కొంగున ముడి వేసుకుంది. కొడవలి నా పక్కనే వదిలేసి మెట్లెక్కింది. పదో మెట్టు దగ్గర ఆగి రొప్పింది. మళ్ళీ ఎక్కింది. "తిప్పేసామీ! లేయ్ తిప్పేసామీ!" అని ఆమె పిలుపు కొండకు తగిలి తిరిగి వచ్చింది. తర్వాత అదీ వినబడలేదు.

ఎంతసేపు కూర్చున్నానో చెప్పలేను. నీడ నా కాళ్ళ దగ్గర నుంచి మోకాళ్ళ దాకా పాకింది. మెహరున్నీసాకు చెప్పాల్సిన మాటలు మనసులో పేర్చుకుంటూ చెరుపుకుంటూ ఉన్నాను. కొండ మీద నలభై మంది ఉండి కూడా మాట వినబడకపోతే, మనిషి మనసు ఎక్కడెక్కడికి పోతుందో పోయింది.

చివరికి మలుపులో మొదట కనబడింది బసప్ప. చేతిలో గడ్డపార లేదు, సున్నం డబ్బా ఉంది. ఆయన వెనక ఖలందర్. ఒక చేయి తిప్పేస్వామి భుజం మీద, ఒక చేయి మారెక్క భుజం మీద. ముఖం బూడిద రంగులో ఉంది. కానీ కాళ్ళు ఆయనవే నడుస్తున్నాయి. నేను లేవబోయి లేవలేక అక్కడే కూర్చుండిపోయాను.

పైన జరిగింది తిప్పేస్వామి చెప్పాడు. చుక్కలన్నీ చూపించుకుంటూ పోయారట. ఎక్కడా తవ్విన జాడ లేదు. బసప్పకు అనుమానం తీరలేదు. గోడ వెనక ఏదో దాచారని గబగబా ముందుకు పోయాడు. ఖలందర్ ఒక్క ఉరుకున పోయి, రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడట.

"'ఈ గీత దాటొద్దు, కింద నేల లేదు' అన్నాడమ్మా. బసప్ప నా కర్ర తీసుకోని గడ్డి పొడిచినాడు. కర్ర కర్రే లోపలికి పోయింది. పోయినేడు నా గొర్రెలు రెండు పోయింది ఆ దొనలోనే. ఈ అన్న ఆడ నాలుగు సోట్ల గీతలు పెట్టినాడు. నిధి తవ్వేటోడు మంది పడకుండా గీతలు పెడతాడా?"

ఆ ఉరుకుతోనే ఎదలో నొప్పి పట్టుకుని కూలబడ్డాడట. ఏం చేయాలో ఎవరికీ తెలియక చుట్టూ నిలబడి ఉండగా మారెక్క కేక వినబడిందట. తిప్పేస్వామి పరిగెత్తి ఎదురుపోయి అట్ట తెచ్చాడు. మారెక్క చెప్పినట్టు నాలుక కింద పెట్టారు.

బసప్ప నోటు పుస్తకం నా ఒళ్ళో పెట్టి, నా వైపు చూడకుండా అన్నాడు. "నాకూ ఇద్దరు ఆడపిల్లోళ్ళమ్మా."

పక్క పల్లె డాక్టరమ్మను పిలిపించి చూపించారు. నాడి కుదురుగానే ఉందనీ, అయినా పెద్దాసుపత్రిలో చూపించుకొమ్మనీ చెప్పింది. మోపెడ్ మీద పంపడానికి ఒప్పుకోలేదు. ఆటో ఎక్కించారు. అయినా అక్కడితో కాలేదు. పోయే దారిలో రెండో పల్లె టీ అంగడి దగ్గర నలుగురు ఫోనులో ఏదో చూసి, తల ఎత్తి, మా ఆటోలోకి చూశారు. మళ్ళీ ఫోనులోకి చూశారు. తిప్పేస్వామీ మిగతావాళ్ళూ తీసిన వీడియోలు మా కంటే ముందు ప్రయాణం చేస్తున్నాయి. అది గమనించి తిప్పేస్వామే తన బండి మీద ఆటో ముందు నడిచాడు. ప్రతి పల్లె దగ్గరా ఆగి, "మా మనుషులే, మా మనుషులే" అని కేక వేస్తూ, పెద్ద రోడ్డు దాకా వచ్చాడు. ఆ దారంతా ఖలందర్ అమ్మ కొంగులో దాక్కునే పిల్లవాడిలా నా పక్కకు ఒదిగి కూర్చున్నాడు. ఆయన్ని అట్లా నేను ఎన్నడూ చూడలేదు.

"మెహరున్నీకి చెప్పొద్దక్కా" అన్నాడు ఒకే మాట.

ఆసుపత్రిలో చూపించి ఇంటికి చేర్చాను. ఎండకు నొప్పి వచ్చిందని చెప్పాను. ఊడిన గుండీ గురించి ఆమె అడిగితే, జారానని ఆయన చెప్పాడు. నేను తల ఊపాను. మూడు రోజులు నోరు కట్టుకున్నాను.

నాలుగో రోజు పొద్దున మెహరున్నీసా ఫోను పట్టుకుని మా ఇంట్లోకి వచ్చింది. హిందూపురంలో ఉన్న వాళ్ళ చెల్లెలి కూతురు పంపిందట. 'పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా, జాగ్రత్త' అని పైన రాసి ఉంది. కింద మోకాలి మీద పడిన తన మొగుడు. పక్కన జుట్టు రేగిన నేను.

నన్ను కొట్టినా బాగుండేది. ఆమె గొంతు కూడా పెంచలేదు.

"నాకు చెప్పల్ల గదా అక్కా. అందరి కంటే ముందు నాకు గదా చెప్పాల్సింది."

వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఆ వారం రోజులూ ఖలందర్ షాపు తలుపు ఒక రెక్క మాత్రమే తెరిచాడు. కొత్త మనిషి మోటారు తెస్తే లోపలి నుంచే, "యాడోళ్ళు? ఎవురు పంపినారు?" అని అడిగేవాడు. మోటార్ల మీద కూర్చునేవాళ్ళు తగ్గారు. బస్సుకు పేరిచ్చినవాళ్ళలో ఏడుగురు వెనక్కి తీసుకున్నారు.

తిప్పేస్వామి ఇంకో వీడియో చేసి పంపాడు. 'ఈ అన్న మంచోడు, మిలిట్రీలో పనిచేసినాడు, తప్పు మాదే' అని మారెక్కను పక్కన నిలబెట్టుకుని చెప్పాడు. మొదటిది ఎన్ని వందల ఫోన్లకు పోయిందో, ఇది నాలుగు పల్లెలు కూడా దాటలేదు. తర్వాత ఫోను చేశాడు. "రాండన్నా. ఈసారి ఊర్లోకే రాండి. దొన సుట్టూ కంప కొట్టినాం."

బోడుకొండ తీసేద్దామని నేనే అన్నాను. ఖలందర్ ఒప్పుకోలేదు. "చెప్పినాం గదక్కా వస్తామని. రాకపోతే ఇంగా ఏదో ఉండాదనుకుంటారు" అన్నాడు. ఆ మాటలో ఉన్నది ధైర్యమో భయమో నాకు ఇప్పటికీ తెలియదు.

బస్సులో పంతొమ్మిది మందిమి పోయాం. మెహరున్నీసా మొదటిసారి వచ్చింది. పెనుకొండలో ఖలందర్ బాగానే ఉన్నాడు. పిల్లల్ని బురుజు ఎక్కించి, శత్రువు ఏ దిక్కు నుంచి వస్తాడో అడిగి, తప్పు చెప్పినవాళ్ళను ఉత్తుత్తి తుపాకితో నవ్వుతూ చంపేశాడు. బస్సు ఎర్రబోడుపల్లి దారి పట్టాక మాటలు తగ్గాయి. ఊరు కనబడేసరికి ఆగిపోయాయి.

ఊరి ముందర జనం నిలబడి ఉన్నారు. మారెక్క ఉంది. బసప్ప ఉన్నాడు, ఇద్దరు ఆడపిల్లల్ని రెండు చేతులా పట్టుకుని. తిప్పేస్వామి బస్సు తలుపు దగ్గరికి వచ్చాడు. మేమందరం దిగాం. ఖలందర్ దిగలేదు. కిటికీ పక్క సీట్లో, కమ్మీ పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

"అన్నా, దిగవా?" అన్నాడు తిప్పేస్వామి.

"మెట్ల కాడ నువ్వుండు తిప్పేస్వామీ. పిల్లోళ్ళను గోడ ఎనక్కి పోనియ్యొద్దు. నేను ఈడ బండి సూసుకుంటా."

"మేమంతా ఉండాం గదన్నా."

"ఉండారు. అది గాదు." ఆయన లేవబోయాడు. మోకాళ్ళు రెండుసార్లు కదిలాయి. లేవలేదు. "కాళ్ళు రావడం లేదు తమ్ముడూ."

ఎవరూ బలవంతం చేయలేదు. మెహరున్నీసా మళ్ళీ బస్సెక్కి ఆయన పక్కన కూర్చుంది. మారెక్క చెంబుతో మజ్జిగ తెచ్చి కిటికీలో నుంచి అందించింది. మేము కొండెక్కాం. తుపాకి రంధ్రాల కథ పిల్లలకు నేనే చెప్పాను. ముప్ఫై మంది, మూడు వందల మంది అని ఆయన చెప్పినట్టే చెప్పాను గానీ అంత బాగా రాలేదు. వాకిలి దగ్గర నుంచి చూస్తే కింద బస్సు కిటికీలో ఆయన ముఖం కనబడుతూనే ఉంది.

రెండు గంటలకు అందరం దిగి వచ్చాం. చివరి పిల్ల బస్సెక్కే దాకా ఆయన కమ్మీ వదల్లేదు. వదిలాక చూస్తే అరచేతి నిండా తుప్పు. మెహరున్నీసా ఆ చేతిని తన ఒళ్ళోకి తీసుకుని, నీళ్ళు పోసి, కొంగుతో తుడుస్తూ కూర్చుంది. బస్సు కదిలింది.